‘సాహిత్య చరిత్రలో ఈ రోజు’ చదివితే నీరసం వస్తోందా? జయంతి, వర్ధంతి పక్కన పెట్టి మధ్య తేదీలు చూడండి

మీ ప్రశ్న ఇదీ: రోజూ పొద్దున్నే ‘ఈ రోజు ఫలానా కవి జయంతి, ఫలానా రచయిత వర్ధంతి’ అంటూ వచ్చేవి ఇష్టంగా చదువుతున్నారు. చదివాక మాత్రం మీ రాత మీకే చిన్నదిగా కనబడుతోంది. బ్యాంకు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, మధ్యలో దొరికిన గంటలో రాసుకున్న కథలు మూడూ అచ్చు కాలేదు. ఇలాంటి చరిత్ర చదవడం కొత్తగా రాసేవాళ్ళకు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అని అడిగారు. రోజూ రాయాల్సిందేనా అని కూడా అడిగారు.

మేలే చేస్తుందమ్మా. కాకపోతే మీరు చూస్తున్న తేదీలు వేరు, చూడాల్సిన తేదీలు వేరు. ఒక వారపత్రికలో కథలు చదివి ఎంపిక చేసే పని చాలా ఏళ్ళు చేశాను. ఇప్పుడు మా ఊరి గ్రంథాలయంలో నెలకోసారి కొత్తగా రాసేవాళ్ళతో కూర్చుంటున్నాను. అందులో మీలా అడిగినవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

జయంతి పోస్టులో ఏముంటుంది? పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు, ఐదారు పుస్తకాలు, ఒక బిరుదు, ఒక పురస్కారం, చివర పోయిన తేదీ. ఆ వరుస చదివితే ఆ మనిషి పుట్టడమే మహాకవిగా పుట్టాడనిపిస్తుంది. రాసింది రాసినట్టు అచ్చయిందనీ, అచ్చయింది అయినట్టు జనం నెత్తిన పెట్టుకున్నారనీ అనుకుంటాం. రాయడానికీ అచ్చు కావడానికీ మధ్య ఎన్నేళ్ళు గడిచాయో, మొదటి కూర్పుకూ రెండో కూర్పుకూ మధ్య ఏం జరిగిందో, ఆ రోజుల్లో ఆయన ఏ ఉద్యోగం చేస్తున్నాడో ఆ పోస్టులో ఉండదు. రాసేవాళ్ళకు ధైర్యం దొరికేది మాత్రం అక్కడే.

గురజాడనే తీసుకోండి. సెప్టెంబర్ 21 జయంతి, నవంబర్ 30 వర్ధంతి అందరికీ తెలిసినవే. నేనైతే ఆగస్టు 13 గుర్తుపెట్టుకోమంటాను. 1892లో ఆ రోజు విజయనగరంలో ‘కన్యాశుల్కం’ మొదటిసారి ఆడారు. ఆనందగజపతి మహారాజు ఆదరణ ఉంది, జనం మెచ్చుకున్నారు. 1897లో పుస్తకంగా వచ్చింది. మనలో ఎవరమైనా అక్కడితో ఆగిపోతాం. నాటకం ఆడింది, పుస్తకం వచ్చింది, పేరొచ్చింది, ఇంకేం కావాలి? ఆయన ఆగలేదు. మళ్ళీ మొదటినుంచి తిరగరాశారు. ఆ రెండో కూర్పు 1909లో వచ్చింది. ఇవాళ మనం చదివేదీ, ఆడేదీ, మాటకు ముందు ఉదహరించేదీ ఈ రెండోదే. మధురవాణి ఇంత పెద్ద పాత్ర అయింది ఇందులోనే.

తొలి ప్రదర్శనకూ రెండో కూర్పుకూ మధ్య 17 ఏళ్ళున్నాయి. ఆ కాలంలో ఆయన తీరిగ్గా కూర్చుని నాటకమే చెక్కుకుంటూ ఉన్నారనుకోకండి. మహారాజు 1897లోనే పోయారు. ఆ తర్వాత ఆయన సోదరి రీవా మహారాణి దగ్గర ఆంతరంగిక కార్యదర్శిగా సంస్థానం వ్యవహారాలు, వారసత్వం దావాల కాగితాలు చూస్తూ గడిపారు. ఆరోగ్యం కూడా అంతంతమాత్రమే. వకీళ్ళతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపిన ఆ చెయ్యే రాత్రిపూట మధురవాణి చేత మాట్లాడించింది. ఆయన డైరీలు కూడా రాసుకునేవారు. ఎవరిని కలిశారో, ఏం చదివారో, ఒంట్లో ఎలా ఉందో వాటిలో కనబడుతుంది. మీ బ్యాంకు ఉద్యోగం మీ రాతకు శత్రువని మీరనుకుంటున్నారు చూడండి, అందుకని ఇదంతా చెప్తున్నాను.

ఇంకొక తేదీ జూలై 17. 1940లో ఆ రోజు చలం శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’కి ముందుమాటగా ‘యోగ్యతాపత్రం’ రాశారు. తెలుగులో అంత పేరు పడ్డ ముందుమాట ఇంకొకటి లేదంటే తప్పు కాదు. మరి ఆ పుస్తకం వచ్చింది ఎప్పుడు? 1950లో! కవితల్లో చాలావరకు 1933 తర్వాత ఆ దశాబ్దంలోనే రాసినవి. రాసిన కవితలు చేతిలో ఉన్నాయి, ముందుమాట సిద్ధంగా ఉంది, కుర్రకారు నోట పంక్తులు నానుతున్నాయి. అయినా పుస్తకం కావడానికి మరో పదేళ్ళు పట్టింది. ఆ మధ్యకాలమంతా శ్రీశ్రీ పత్రికలో సబ్‌ఎడిటర్ పని దగ్గర్నుంచి రేడియో దాకా దొరికిన ఉద్యోగమల్లా చేశారు. 1950 తేదీ ఒక్కటే చూస్తే ఇవేవీ కనబడవు. మీ మొదటి కథ రాసి ఎన్నాళ్ళయిందో మీరు చెప్పలేదుగానీ, పదేళ్ళు మాత్రం అయ్యుండదు.

ఆ పుస్తకం తెరిస్తే ముందు అంకితం ఉంటుంది, కొంపెల్ల జనార్దనరావుకి. ఆయన శ్రీశ్రీ స్నేహితుడు, తనూ రచయితే, ‘ఉదయిని’ అనే పత్రిక నడిపారు. 1937లో చిన్న వయసులోనే చనిపోయారు. ఇవాళ ఆయన పేరు ఆ అంకితం వల్లే చాలామందికి తెలుసు. ఏ క్యాలెండర్‌లోనూ ఆయనకొక గడి కేటాయించరు. అయినా ఆ పత్రిక, ఆ స్నేహం, ఆ రాత్రిళ్ళ చర్చలు లేకుండా ఆ కవిత్వాన్ని ఊహించలేం. సాహిత్య చరిత్ర అంటే జయంతులున్నవాళ్ళ చరిత్ర మాత్రమే కాదని నాకు గట్టిగా అనిపించేది ఇలాంటి పేర్లు తగిలినప్పుడే. మీరు ఒక మంచి పాఠకురాలిగా, ఒక స్నేహితురాలి కథ చదివి నిజాయితీగా అభిప్రాయం చెప్పే మనిషిగా మిగిలినా ఆ చరిత్రలో ఉన్నట్టే. ఇది ఓదార్పు కోసం అంటున్న మాట కాదు. మా సమావేశాల్లో బాగా రాస్తున్న ఇద్దరు ముగ్గురి వెనక, సొంతంగా ఒక్క కథా అచ్చు వేయించుకోని ఒక పెద్దావిడ ఉన్నారు. ప్రతి కథా ముందు ఆవిడ చదవాల్సిందే.

తెలంగాణ వైపు వస్తే, దాశరథి జయంతి జూలై 22. ఆ రోజు అందరూ కోటి రతనాల వీణ గురించి రాస్తారు, రాయాల్సిందే. నేను మాత్రం నిజామాబాద్ జైలు దగ్గర ఆగుతాను. నిజాంకు వ్యతిరేకంగా పనిచేసినందుకు ఆయన్ను అక్కడ పెట్టారు. కాగితం లేదు, కలం లేదు. పళ్ళు తోముకోవడానికి బొగ్గు ఇచ్చేవారు. ఆ బొగ్గుతోనే గోడ మీద నిజామును పిశాచమని తిడుతూ పద్యం రాశారు. అందుకు దెబ్బలు తిన్నారు. ఒక్కసారి ఆ గోడను ఊహించుకోండి. గరుకు సున్నం మీద బొగ్గు ముక్క సరిగ్గా పారదు, అక్షరం పెద్దదిగా రాయాలి, చోటు తక్కువ, ఎవరో వస్తున్న చప్పుడు. అలాంటి చోట పనికిరాని విశేషణం ఒక్కటి కూడా పట్టదు. పద్యం నాలుగు పాదాల్లో ముగియాలి, చూసినవాడికి కంఠతా రావాలి, గోడ కడిగేసినా మనుషుల్లో మిగలాలి. ఛందస్సు ఎందుకు పనికొస్తుందని అడిగే పిల్లలకు నేను ఈ గోడ గురించే చెప్తాను.

అదే జైల్లో ఆయనతో పాటు వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నారు. పెద్ద చదువులు లేవు, ఇళ్ళల్లో వంట చేసి, హోటల్లో పనిచేసి బతికిన మనిషి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు అచ్చువేసి, తానే మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. ‘ప్రజల మనిషి’ నవల రాశారు. నవంబర్ 1 ఆయన జయంతి. అదే ఆంధ్రప్రదేశ్ అవతరణ రోజు కూడా కావడంతో ఆయన పేరు కాస్త వెనకబడుతుంది. పుస్తకం అచ్చువేసినా ఎవరు కొంటారని అడిగేవాళ్ళు ఆయన జీవితం చదవాలి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి చెప్తాను. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యం, అంటే సున్నా, అని ఒకాయన రాశాడు. సురవరం ప్రతాపరెడ్డి అప్పటికే ‘గోలకొండ పత్రిక’ నడుపుతున్నారు. ఆ పత్రిక మొదలైంది 1926 మే 10న. ఆ మాటకు కోపం వచ్చి సంపాదకీయంలో నాలుగు ఘాటైన మాటలు రాసి ఊరుకోవచ్చు. ఆయన అలా చెయ్యలేదు. కవులు తమ పద్యాలు, వివరాలు పంపాలని పత్రిక ద్వారా కోరారు. జిల్లాల నుంచి వచ్చినవన్నీ కూర్చారు. 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ వచ్చింది. ఎక్కడో పల్లెలో పటేలో, పట్వారీయో, బడిపంతులో రాత్రిపూట దీపం దగ్గర రాసుకుని పెట్టెలో దాచుకున్న పద్యం, ఒక సంపాదకుడు అడగబట్టి బయటికొచ్చింది. ఆ 354 మందిలో ఎంతమందికి జయంతి పోస్టులు వస్తున్నాయి? పట్టుమని పాతికమందికి వస్తాయేమో. మిగిలినవాళ్ళు రాసింది వృథా అయిందా? ఆ సంచికే లేకపోతే ఒక ప్రాంతానికి కవిత్వమే లేదన్న మాట చరిత్రగా స్థిరపడిపోయేది. పేరు రానివాళ్ళంతా కలిసి ఆ మాటను అబద్ధం చేశారు.

మీరు స్త్రీ కాబట్టి ప్రత్యేకంగా ఒక పేరు చెప్పాలి. తెలుగులో మొదటి కథ గురజాడ ‘దిద్దుబాటు’, 1910 ఫిబ్రవరి ‘ఆంధ్రభారతి’ అని మా తరం పరీక్షల్లో రాసింది. మార్కులు కూడా వేశారు. తర్వాత పరిశోధకులు పాత పత్రికలు తిరగేస్తే భండారు అచ్చమాంబ కథలు బయటపడ్డాయి. ఆవిడ ‘ధనత్రయోదశి’ 1902లోనే ‘హిందూసుందరి’ పత్రికలో వచ్చింది. ఆవిడ 1874లో పుట్టారు. చిన్నప్పుడే పెళ్ళయింది, బడి చదువు లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు వాళ్ళింట్లో ఉండి చదువుకుంటుంటే ఆయన దగ్గర అక్షరాలు నేర్చుకున్నారు. ఆ తమ్ముడే తర్వాత విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పెట్టినాయన. ఆవిడకు పుట్టిన పిల్లలు దక్కలేదు. అంత దుఃఖంలో ఉండి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అని చరిత్రలో పేరున్న స్త్రీల జీవితాలు సేకరించి రాశారు. కథలు రాశారు. స్త్రీల సమాజాలు పెట్టించారు. 1905లో పోయేనాటికి ముప్ఫై ఏళ్ళు.

ఆవిడ కథలు పుస్తకాల చరిత్రలో చోటు దొరక్క దశాబ్దాల తరబడి పాత పత్రికల్లోనే ఉండిపోయాయి. తొలి కథ ఎవరిదన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది, ముందు రాసినవాళ్ళ పేర్లు ఇంకా కొన్ని తెస్తున్నారు. ఆ వాదనలో ఎవరు గెలిచినా నాకు పెద్ద పట్టింపు లేదు. అచ్చయిన అక్షరం ఏదో ఒకనాడు ఎవరో ఒకరి కంటబడుతుందన్న సంగతి నాకు ముఖ్యం. అందుకే ‘చిన్న పత్రికలో వేస్తే ఎవరు చూస్తారు’ అనే మాట నా దగ్గర అనొద్దంటాను. ‘హిందూసుందరి’ పెద్ద పత్రికేం కాదు.

ఇక అచ్చయ్యాక కూడా తిప్పలు పడ్డ పుస్తకాలున్నాయి. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని జైల్లో రాశారు. 1922లో అది వస్తే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ కావ్యాన్ని 1910లో గాయని బెంగుళూరు నాగరత్నమ్మ పూనుకుని పూర్తి పాఠంతో అచ్చు వేయిస్తే ప్రభుత్వం ప్రతులు జప్తు చేసింది. ఆ నిషేధం తొలగింది 1947లో. అప్పటికి నాగరత్నమ్మ ఇంకా ఉన్నారు, ఆ రోజు చూశారు.

సరే, ఇదంతా చదివి ఏం చెయ్యాలంటారా? నేను చెప్పే పద్ధతి ఇది. దుకాణాల్లో లెక్కలు రాసుకునే పొడవాటి రిజిస్టరు ఒకటి కొనండి. ఒక్కో తేదీకి ఒక్కో పేజీ, తేదీ పక్కన సంవత్సరం వెయ్యకుండా. పైన ఆ తేదీన జరిగిన సంగతి ఒక్క వాక్యంలో రాయండి. పుట్టడం, పోవడం కన్నా ఒక నాటకం ఆడిన రోజు, ఒక పత్రిక మొదలైన రోజు, ఒక ముందుమాట రాసిన రోజు దొరికితే అదే రాయండి. దాని కింద ‘దీనికి ముందు ఎన్నాళ్ళు, తర్వాత ఎన్నాళ్ళు’ అని ఒక వాక్యం. ఉదాహరణకు ఆగస్టు 29 పేజీలో గిడుగు రామమూర్తి పుట్టిన సంగతి రాశారనుకోండి. 1863, తెలుగు భాషా దినోత్సవం, ఇవి అందరూ రాసేవే. ఆ కింద రాయాల్సింది, పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేస్తూ సవరల భాష సొంతంగా నేర్చుకున్న సంగతి, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేసిన సంగతి, సవర మాన్యువల్ 1931లో, నిఘంటువు 1938లో వచ్చిన సంగతి. నిఘంటువు వచ్చేనాటికి ఆయనకు 75 ఏళ్ళు. వాడుక భాష కోసం చేసిన పోరాటం ఒకపక్క, ఎవరూ అడగని ఒక గిరిజన భాష కోసం పడ్డ చాకిరీ ఒకపక్క. ఈ రెండోది చదివాక మొదటిది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుంది. నోటి మాటను అంత శ్రద్ధగా విన్నవాడు పుస్తకాల భాష కోసం దాన్ని తప్పని ఎలా అంటాడు?

పేజీలో మిగిలిన సగం మీది. అక్కడ ఆ సంగతి గురించి వ్యాసం రాయొద్దు, మీ కథే రాయండి. ఆ రోజు చదివినదాంట్లోంచి ఒక్క చిక్కు తీసుకుని మీ లోకంలో పెట్టండి. గిడుగు పేజీ అయితే, మీ కౌంటరు దగ్గరికి వచ్చే ముసలాయన ‘పైసలు పడ్డయా బిడ్డా’ అని అడిగిన తీరు ఆయన నోటి మాటగానే పది పంక్తులు రాయండి. దాశరథి పేజీ అయితే, మీ ఆఫీసులో పైకి అనలేని మాట ఒకటి నాలుగే నాలుగు పంక్తుల్లో పెట్టండి. కన్యాశుల్కం పేజీ వచ్చిన రోజు, తిరిగొచ్చిన కథ ఒకటి తీసి దాన్ని చూడకుండా మొదటినుంచి మళ్ళీ రాయండి. చూడకుండా అన్నది ముఖ్యం. చూస్తూ రాస్తే వాక్యాలే మారతాయి. చూడకుండా రాస్తే గుర్తున్న భాగమే వస్తుంది. గుర్తులేనిది కథకు అక్కర్లేనిది.

అరగంట చాలు. అరగంట కూడా దొరకని రోజు పైసగం రాసి వదిలేయండి. పేజీ ఖాళీగా ఉంటే వచ్చే ఏడాది అదే తేదీకి మళ్ళీ ఆ పేజీ తెరుస్తారు కాబట్టి నష్టం లేదు.

రోజూ రాయాల్సిందేనా అన్నారు. మనవాళ్ళను చూస్తే ఒకే నియమం కనబడదు. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ అంతటి నవలను 29 రోజుల్లో చెప్పి తమ్ముడి చేత రాయించారని ప్రసిద్ధి. అదే విశ్వనాథ ‘రామాయణ కల్పవృక్షం’ మీద మూడు దశాబ్దాల పైచిలుకు కూర్చున్నారు. 1970 సంవత్సరపు జ్ఞానపీఠం వచ్చింది దానికే. ఒకే చెయ్యి, రెండు వేగాలు. కొడవటిగంటి కుటుంబరావు ‘చందమామ’లో ఏళ్ళ తరబడి రోజంతా పిల్లల కథలు దిద్ది, తిరగరాసి, ఆ పైన తన కథలు, నవలలు, వ్యాసాలు కుప్పలుగా రాశారు. ఆయన పనితీరు చూస్తే ‘టైము లేదు’ అనే మాట నోటికి రాదు. కాళీపట్నం రామారావు (కారా) మాస్టారు దీనికి పూర్తిగా ఎదురు. రాసింది తక్కువ. మధ్యలో తన కథలు తనకే నచ్చక కొన్నేళ్ళు రాయడమే మానేశారు. ఆ మౌనం తర్వాత వచ్చినవాటిలో ‘యజ్ఞం’ ఉంది. 1966లో అచ్చయిన ఆ కథ మీద ఇప్పటికీ చర్చ తెగలేదు.

కాబట్టి రోజూ రాయకపోయినా ఫరవాలేదు, భాషను రోజూ తాకకపోతే మాత్రం చెయ్యి బిగుసుకుపోతుంది. రిజిస్టరు పెట్టమన్నది అందుకే. కథ ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు, పొద్దున్నే ఒక పేజీ తెరవడం మన చేతిలో ఉంది.

తేదీల విషయంలో ఒక జాగ్రత్త. వాట్సాప్‌లో తిరిగేవాటిని నమ్మి రిజిస్టరులోకి ఎక్కించొద్దు. శ్రీశ్రీ పుట్టిన తేదీ ఏప్రిల్ 30 అని మనం జరుపుకుంటాం, ఆయన పుట్టింది అదే ఏడాది జనవరిలోనని చెప్పేవాళ్ళూ ఉన్నారు. పాతతరం వాళ్ళ పుట్టినరోజులు తిథి, నక్షత్రం, సంవత్సరం పేరుతో రాసుకునేవారు. దాన్ని ఇంగ్లీషు తేదీలోకి మార్చేటప్పుడు ఒక్కొక్కరి లెక్క ఒక్కోలా వచ్చింది. అందుకే ఒకే కవికి రెండు జయంతులు కనబడతాయి. మొదటి ముద్రణ ముందుమాట కింద వేసిన తేదీ, పత్రిక సంచిక మీద ఉన్న నెల, వీటిని పట్టుకోండి. పాత పత్రికలు ఇప్పుడు స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో చాలానే పెట్టారు. ఫోన్‌లోనే చూడొచ్చు. 1930ల నాటి ‘భారతి’ సంచిక ఒకటి మొదటినుంచి చివరిదాకా, ప్రకటనలతో సహా తిప్పి చూడండి. ఇవాళ మహానుభావులని మనం దండం పెట్టేవాళ్ళ పక్కనే, అదే టైపులో, అదే వరుసలో ఇప్పుడెవరికీ తెలియని పేర్లు కనబడతాయి. ఆ నెలలో వాళ్ళంతా ఒకటే, కవర్లో కథ పెట్టి పోస్టులో వేసి ఎదురుచూసినవాళ్ళే.

ఇక మీ మూడు కథల సంగతి. పత్రిక లోపలి మాట చెప్తాను. మా రోజుల్లో తిరుగు స్టాంపులు జతచేస్తే ‘ప్రచురించలేకపోతున్నందుకు చింతిస్తున్నాం’ అన్న అచ్చు చీటీతో కథ వెనక్కి వచ్చేది. ఇప్పుడు మెయిల్లో పంపుతున్నారు, చాలాచోట్ల జవాబే రాదు, రాకపోవడమే జవాబు. ఆ చీటీ వెనక కారణాలు మీరనుకునేవి కాకపోవచ్చు. ఆదివారం అనుబంధంలో కథకు కొలిచినట్టు ఇంత చోటని ఉంటుంది. బొమ్మ పోను మిగిలినదాంట్లో పట్టాలి. కథ ఎంత బాగున్నా పొడవైతే పక్కన పడుతుంది. సంక్రాంతికి పంపిన సంక్రాంతి కథ ఎప్పటికీ ఆలస్యమే, అవి రెండు నెలల ముందే తీసేసుకుంటారు. వృద్ధాశ్రమంలో తల్లిని వదిలిన కొడుకు కథలు నా బల్ల మీద ఏ వారం చూసినా ఉండేవి. పదకొండో కథ మొదటి పదికన్నా బాగా రాసినా అప్పటికే చదివే కన్ను అలిసిపోయి ఉండేది. ఇది అన్యాయమే, నేను ఒప్పుకుంటాను, కానీ జరిగేది ఇదే.

మీరు ప్రశ్నలో ఒక కథ ఇతివృత్తం రెండు వాక్యాల్లో చెప్పారు, పెన్షన్ కోసం బతికే ఉన్నట్టు ప్రతి ఏడాదీ వచ్చి రుజువు చూపాల్సిన ముసలమ్మ కథ. అది వదలకండి. వేలిముద్ర యంత్రం ఆవిడ వేలు గుర్తుపట్టని ఆ ఐదు నిమిషాలు బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్న మనిషికి తెలిసినట్టు బయటివాళ్ళకు తెలియదు. పొలం పనితో అరిగిన వేలు, తడిగుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టడం, వెనక క్యూలో విసుగు, మీరు మేనేజరు వైపు చూడటం. మీ మొదటి ప్రతిలో ఇది ఎన్ని పంక్తులుందో నాకు తెలియదు. మళ్ళీ రాసేటప్పుడు కథంతా అక్కడే ఉంచండి. ఆవిడ కొడుకు అమెరికాలో ఉన్నాడన్నారు, అతన్ని తీసేసినా కథ నిలబడుతుందేమో చూడండి.

రాసి పదిహేను రోజులు పక్కన పెట్టి, తర్వాత గట్టిగా పైకి చదివి పంపండి. పంపేముందు ఆ పత్రిక నాలుగు వారాల సంచికలు తిరగేసి కథ పొడవు చూసుకోండి. హామీపత్రం జతచేయడం మర్చిపోవద్దు, సొంత రచనేనని, మరెక్కడా పరిశీలనలో లేదని. ఒకే కథను ఒకేసారి రెండు చోట్లకు పంపొద్దు. మూడు నెలలు చూసి జవాబు రాకపోతే, వెనక్కి తీసుకుంటున్నానని ఒక మెయిల్ పెట్టి ఇంకోచోటికి పంపండి. పంపిన తేదీ మీ రిజిస్టరులో ఆ రోజు పేజీలో రాయండి. పేజీ పైసగంలో, ఆ రోజు జరిగిన మిగతా సంగతుల పక్కనే రాయండి.

అచ్చయ్యాక చెయ్యాల్సిన పని ఒకటుంది. కారా మాస్టారు తనకొచ్చిన పురస్కారాల డబ్బుతో శ్రీకాకుళంలో కథానిలయం కట్టించారు, 1997 ఫిబ్రవరి 22న అది మొదలైంది. తెలుగులో అచ్చయిన ప్రతి కథనూ ఒకచోట చేర్చాలన్నది ఆయన ఆశ. ఊరూ పేరూ తెలియని రచయిత కథయినా, మూతపడ్డ పత్రికలోదయినా అక్కడ చోటుంది. మాస్టారు 2021లో పోయారు, ఆ పని ఆగలేదు. మీ కథ వచ్చిన సంచిక ఒకటి అక్కడికి పంపండి. పంపేటప్పుడు పత్రిక పేరు, సంచిక తేదీ, పేజీ నంబరు స్పష్టంగా రాయండి, కలం పేరుతో రాస్తుంటే అసలు పేరు కూడా ఇవ్వండి. పాత కథలకు ఈ వివరాలు దొరక్కే పరిశోధకులు నానా తంటాలు పడుతున్నారు.